అరవని కోచ్ సంగతేంటి?

1985 ఫిబ్రవరి 23న ఇండియానా యూనివర్సిటీ కోచ్ బాబ్ నైట్ తన బెంచ్ దగ్గర ఉన్న ఎర్ర కుర్చీ ఒకటి లాగి కోర్టు మీదకి విసిరాడు. బాస్కెట్‌బాల్ మీద కాస్తో కూస్తో ఆసక్తి ఉన్నవాళ్ళలో ఆ వీడియో చూడనివాళ్ళు తక్కువ. తన జట్టు మీద ఫౌల్స్ ఇస్తున్నారని గొడవపడ్డాడు, రెఫరీ టెక్నికల్ (ప్రవర్తన బాగాలేనందుకు వేసే ఫౌల్) ఇచ్చాడు, అవతలి జట్టు పర్‌డ్యూ ఆటగాడు స్టీవ్ రీడ్ దానికి వచ్చిన ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్లు) వేయబోతుంటే కుర్చీ అతని ముందు నుంచి జారుకుంటూ పోయింది. ఇంకో రెండు టెక్నికల్స్ పడ్డాక నైట్ బయటికి నడిచాడు. ఆ యూనివర్సిటీలు ఆడే లీగ్, బిగ్ టెన్ కాన్ఫరెన్స్, ఒక ఆట సస్పెన్షన్ వేసింది.

మరి ఆ రోజు అవతలి బెంచ్ దగ్గర ఉన్న కోచ్ ఎవరు? చటుక్కున చెప్పగలిగినవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. పేరు జీన్ కీడీ. ఆట గెలిచింది కూడా ఆయన జట్టే, 72-63. (కీడీ కూడా మెతక మనిషేం కాదు, ఆయన ముఖం చిట్లించే తీరు కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఓ బ్రాండు. అది వేరే సంగతి.)

నేను న్యూజెర్సీలో ఉద్యోగం చేసుకుంటూ, చలికాలం సాయంత్రాలూ శనివారాలూ స్కూలు పిల్లల ఆటలకి రెఫరీగా వెళ్తుంటాను. ఈ మాట మనవాళ్ళకి చెప్తే మొదట అడిగేది డబ్బులెంత ఇస్తారని. రెండోది, ఆ కోచ్‌లు అలా మీద పడి అరుస్తుంటే ఎలా భరిస్తావని. మొదటిదానికి జవాబు చెప్తే నవ్వుతారు కాబట్టి వదిలేద్దాం. రెండోదాని గురించే ఈ పోస్టు, ఎందుకంటే ఆ ప్రశ్న అడగడంలోనే ఒక పొరపాటుంది. కోచ్‌కీ రెఫరీకీ మధ్య గొడవ అంటే ఇద్దరి మధ్య వ్యవహారం అనుకుంటాం: ఒకడు తిడతాడు, ఇంకొకడు భరిస్తాడు లేదా భరించడు. రెఫరీకి ఓర్పు ఎక్కువుంటే మంచి రెఫరీ, విజిల్ పట్టుకుని విరుచుకుపడితే అహంకారి.

ఆ లెక్కలో మూడో మనిషి లేడు. నోరు మూసుకుని తన పిల్లల్ని ఆడించుకుంటున్న అవతలి కోచ్. రెఫరీ అరిచే కోచ్‌కి ఇచ్చే ప్రతి వెసులుబాటూ ఈయన జేబులోంచే పోతుంది. రేషన్ షాపు దగ్గర గొంతు పెంచినవాడికి డీలరు ముందు తూచి ఇచ్చేస్తే, ఆ ఖర్చు డీలరుది కాదు, లైన్లో నిలబడ్డవాళ్ళది. కోచ్‌లతో ఎలా మాట్లాడాలి, ఎప్పుడు ఆపాలి అన్నది రెఫరీ పరువుకి సంబంధించిన విషయం కానే కాదని నా వాదన. అది పూర్తిగా ఆ రెండో బెంచ్‌కి జరగాల్సిన న్యాయం.

ముందు కోచ్ ఎందుకు అరుస్తాడో చూద్దాం. కోపం వచ్చి అరిచేవాళ్ళు ఉంటారు, కాదనను. కానీ అనుభవం ఉన్న కోచ్ అరిచేది అయిపోయిన కాల్ గురించి కాదు. స్కూలు జిమ్‌లో రీప్లే లేదు, ఇచ్చిన బ్లాకింగ్ ఫౌల్ (ఎదుటివాళ్ళ దారికి అడ్డొచ్చినందుకు ఇచ్చేది) వెనక్కి పోదు, ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన అడుగుతున్నది రాబోయే కాల్. అడగనిదే అమ్మైనా పెట్టదు అంటారు కదా, సరిగ్గా ఆ తర్కమే.

ఇది పనిచేస్తుందా? నా ఉద్దేశంలో పనిచేస్తుంది, కాకపోతే మనం అనుకునే దారిలో కాదు. 2009లో ఆండర్సన్, పియర్స్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటల ఫౌల్స్ లెక్కలు తీసి జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ సైన్సెస్‌లో ఒక పేపర్ వేశారు. అందులో తేలిందేమిటంటే, రెండు జట్ల ఫౌల్స్ మధ్య తేడా పెరిగేకొద్దీ తర్వాతి ఫౌల్ తక్కువ ఫౌల్స్ ఉన్న జట్టు మీద పడే అవకాశం పెరుగుతుంది. అంటే రెఫరీలు తెలిసో తెలియకో లెక్క సమం చేస్తుంటారు. సొంత కోర్టులో ఆడే జట్టువైపు మొగ్గు కూడా కనిపించింది. ఆ పేపర్ కోచ్‌ల అరుపుల గురించి కాదు. కానీ ఏ జిమ్‌కి వెళ్ళినా బెంచ్ దగ్గర నుంచి ఎక్కువగా వినిపించే కేక ఏది? "మాకు ఆరు, వాళ్ళకి ఒకటి!" స్కోర్‌బోర్డు మీద కనబడే అంకెనే మళ్ళీ మన చెవిలో వేస్తారు. ఆరూ నిజంగా ఫౌల్స్ అయుండొచ్చు. ఒక జట్టు ఒంటి మీద పడి ఆడుతుంది, ఇంకోటి జోన్ వేసుకుని దూరంగా నిలబడుతుంది, అలాంటప్పుడు లెక్క సమానంగా ఎందుకుండాలి? కానీ ఆ అంకె చెవిలో పడ్డాక తర్వాతి సారి విజిల్ నోటి దాకా వెళ్ళే వేగంలో వెంట్రుకవాసి తేడా వస్తుంది. కోచ్‌కి కావలసింది ఆ వెంట్రుకవాసే.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఇదే పని మైక్ ముందు, టై కట్టుకుని చేస్తారు. 2017లో సీజన్ చివర జరిగే ప్లేఆఫ్స్‌లో మెంఫిస్ కోచ్ డేవిడ్ ఫిజ్‌డేల్ శాన్ ఆంటోనియో చేతిలో రెండో ఆట కూడా ఓడిపోయి, ప్రెస్‌మీట్లో ఫ్రీ త్రోల లెక్క చదివి వినిపించాడు: తన జట్టు మొత్తానికి 15, అవతల కవాయ్ లెనర్డ్ ఒక్కడికే 19. ఇదిగో మీ డేటా అని బల్ల మీద చెయ్యేసి కొట్టి వెళ్ళిపోయాడు. 30,000 డాలర్ల ఫైన్ పడింది. 2024లో ఇండియానా పేసర్స్ కోచ్ రిక్ కార్లైల్, న్యూయార్క్‌తో మొదటి రెండు ఆటల్లో తమకి అన్యాయంగా తోచిన కాల్స్ 78 లెక్కగట్టామని చెప్పి, చిన్న ఊళ్ళ జట్లకి కూడా సమాన న్యాయం కావాలన్నాడు. 35,000. అదే ఏడాది జనవరిలో శాక్రమెంటో కోచ్ మైక్ బ్రౌన్ ఏకంగా లాప్‌టాప్ పట్టుకొచ్చి విలేకరులకి క్లిప్పులు చూపించాడు. 50,000. వీళ్ళెవరూ తెలివితక్కువవాళ్ళు కారు. ఫైన్ పడుతుందని తెలిసే మాట్లాడారు. ప్లేఆఫ్ సిరీస్‌లో ఒక్క విజిల్ ఇటు తిరిగినా ఆ డబ్బు గిట్టుబాటే.

అన్నిటికంటే నాకు ఆసక్తిగా అనిపించేది 2005 నాటి కథ. హ్యూస్టన్, డాలస్ మధ్య ప్లేఆఫ్స్. హ్యూస్టన్ కోచ్ జెఫ్ వాన్ గండీ, తనకి తెలిసిన ఒక రెఫరీ చెప్పాడంటూ, డాలస్ యజమాని మార్క్ క్యూబన్ చేసిన ఫిర్యాదుల వల్ల రెఫరీలు తన ఆటగాడు యావో మింగ్ స్క్రీన్ల మీద (తోటివాడి కోసం ప్రత్యర్థికి అడ్డుగా నిలబడటం మీద) ప్రత్యేకంగా కన్నేశారని బయటపెట్టాడు. లక్ష డాలర్ల ఫైన్ వేశారు, ఒక కోచ్‌కి అప్పటిదాకా అంత పడలేదు. ఆయన చెప్పింది ఎంతవరకు నిజమన్నది పక్కన పెట్టండి. ఫిర్యాదు ఎలా ఉంటుందో చూడండి: అవతలివాడు మొత్తుకుని రెఫరీల చూపు మా వైపు తిప్పాడు, నేను మొత్తుకోకుండా కూర్చున్నందుకు నష్టపోయాను. ఇక్కడ నేను చెప్తున్న మూడో మనిషి గొంతు అదే. ఆ మూడో మనిషి చివరికి తనూ గొంతు పెంచాల్సి వచ్చింది, అదీ ఇందులో ఉన్న జబ్బు. నోరున్నవాడిదే రాజ్యం అని ఒకసారి తేలితే, రెండో క్వార్టర్ కల్లా రెండు బెంచ్‌లూ లేచి నిలబడతాయి.

అలాగని కోచ్‌ల నోరు పూర్తిగా కట్టేయాలని నేను అనడం లేదు. ఈ పనిలో పాతవాళ్ళు కొత్తవాళ్ళకి మొదట నేర్పే సూత్రం ఒకటుంది: ప్రశ్నకి జవాబివ్వు, వ్యాఖ్యకి ఇవ్వకు. చెప్పడానికి ఒక్క ముక్క. చెయ్యడానికి ఏళ్ళు పడుతుంది.

ఒక జేవీ (స్కూలు రెండో జట్ల) ఆట చెప్తాను. అమ్మాయిల ఆట, చిన్న జిమ్, గోడకీ గీతకీ మధ్య నాలుగడుగుల జాగా. మా స్థాయిలో ఇద్దరమే రెఫరీలం. నాతో ఉన్నాయన రిటైరైన టీచరు, పాతికేళ్ళకి పైగా విజిల్ ఊదుతున్న మనిషి. ఒక బెంచ్ దగ్గర కోచ్ మొదటి నిమిషం నుంచీ నిలబడే ఉన్నాడు. ఇంకో బెంచ్‌లో ఆవిడ ఒడిలో క్లిప్‌బోర్డు పెట్టుకుని కూర్చుంది.

"ఆ పది నంబర్ లేన్‌లో కాపురం పెట్టింది, మూడు సెకన్లు కనబడవా?" అన్నాడాయన, బుట్ట ముందు జాగాలో ఆ అమ్మాయి మూడు సెకన్లకి మించి నిలబడుతోందని. చూడ్డానికి ప్రశ్నలాగే ఉంటుంది, ప్రశ్న కాదు. నా పార్ట్‌నర్ కళ్ళు కోర్టు మీద నుంచి తిప్పకుండా "చూస్తున్నాను కోచ్" అన్నాడు. అంతే. కాసేపటికి ఫౌల్స్ లెక్క వచ్చింది, దానికి జవాబు లేదు. తర్వాత ఒక బ్లాకింగ్ ఫౌల్. బంతి డెడ్ అయ్యాక, అంటే ఆట ఆగాక, కోచ్ గొంతు తగ్గించి అడిగాడు: "మా అమ్మాయి ముందే వచ్చి నిలబడింది కదా?" ఇది అసలైన ప్రశ్న. పార్ట్‌నర్ దగ్గరికి వెళ్ళి, ఆయన వైపు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, ఇద్దరూ కోర్టు వైపే చూస్తుండగా చెప్పాడు: "నిలబడింది కోచ్. కానీ షూటర్ గాల్లోకి లేచాక పక్కకి జరిగింది." కోచ్‌కి నచ్చలేదు, తలాడించాడు, ఊరుకున్నాడు. ఎదురెదురుగా నిలబడితే జనానికి అది కొట్లాటలా కనిపిస్తుంది, పక్కపక్కన నిలబడితే ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఇలాంటివి ఏ రూల్‌బుక్కులోనూ దొరకవు.

మూడో క్వార్టర్లో ఆయన చేతులు రెండూ బార్లా చాపి, కోచింగ్ బాక్స్ దాటి దాదాపు సెంటర్ లైన్ దాకా వచ్చేశాడు. ఇక్కడి హైస్కూల్ రూల్స్ ప్రకారం కోచ్‌కి నిలబడి తిరగడానికి 28 అడుగుల బాక్స్ ఉంటుంది. పార్ట్‌నర్ ఆట ఆపి, వార్నింగ్ ఇచ్చి, స్కోరర్ చేత పుస్తకంలో రాయించాడు. అరుపులేదు, వేలు చూపించడం లేదు, స్కోరర్ టేబుల్ దగ్గర రెండు ముక్కలు. తర్వాత రెండు మూడు పొసెషన్లు (బంతి ఒక్కో జట్టు చేతిలో ఉండే వంతులు) గడిచాయో లేదో, "మీరు ఈ పిల్లల్ని మోసం చేస్తున్నారు" అని జిమ్ అంతా వినబడేలా అన్నాడు. విజిల్. టి, అంటే టెక్నికల్.

కాల్ బాలేదు అనడం వేరు, మోసం అనడం వేరు. మొదటిది పని మీద మాట, రెండోది మనిషి నిజాయితీ మీద మాట. దానికి ఇంకో అవకాశం ఇవ్వడమంటే, ఈ జిమ్‌లో ఆ మాట అనొచ్చు అని రెండో బెంచ్‌కి కూడా చెప్పడమే.

టి ఇచ్చాక చెయ్యాల్సిన పని ఇచ్చిన క్షణం కంటే ముఖ్యం. ఇచ్చిన రెఫరీ టేబుల్‌కి రిపోర్టు చేసి కోచ్‌కి దూరంగా, అవతలివైపుకి వెళ్ళిపోవాలి. కోచ్ దగ్గరికి వెళ్ళాల్సింది రెండోవాడు, ఆ రోజు నేను. "కోచ్, ఇక ఆట అయ్యేదాకా కూర్చునే ఉండాలి" అని చెప్పాను. హైస్కూల్ రూల్స్‌లో టెక్నికల్ పడిన హెడ్ కోచ్‌కి ఆ బాక్స్ హక్కు పోతుంది, సీట్లో కూర్చునే కోచింగ్ చెయ్యాలి. ఇక్కడ దాన్ని సీట్ బెల్ట్ అంటారు. అటువైపు రెండు ఫ్రీ త్రోలు, ఆపైన బంతి కూడా వాళ్ళకే.

ఫ్రీ త్రోలు పడుతుండగా రెండో కోచ్, క్లిప్‌బోర్డు ఆవిడ, నన్ను చూసి చెయ్యెత్తింది. "నాలుగో నంబర్ మా అమ్మాయి బుట్ట వైపు పరిగెత్తిన ప్రతిసారీ చేత్తో పట్టుకుంటోంది. వీలైతే ఓ కన్నేయండి." ఆట మొదటి నుంచీ చూస్తోందిట. ఆ సందడిలో అడగడానికి సందు దొరకలేదు. తర్వాతి పొసెషన్లో చూశాను, పట్టుకుంటోంది, ఫౌల్ ఇచ్చాను.

నా వాదనంతా ఈ ముక్కలోనే ఉంది. మూడు క్వార్టర్ల పాటు ఒక బెంచ్ మా చెవులు రెండూ ఆక్రమించుకుంటే, రెండో బెంచ్ దగ్గరున్న నిజమైన సమాచారం మా దాకా రాలేదు.

దీనికి ఎదురు వాదన గట్టిదే, తేలిగ్గా కొట్టిపారేయలేను. కోచ్ నోరు జారితే శిక్ష పిల్లలకెందుకు? పద్నాలుగేళ్ళ పిల్ల ఏం పాపం చేసిందని రెండు పాయింట్లూ బంతీ పోగొట్టుకోవాలి? ఈ మాట మా రెఫరీల మీటింగుల్లోనే చాలామంది అంటారు. కోచ్ కాస్త ఆవిరి పోగొట్టుకోనివ్వు, నాలుగు మాటలు పడ్డంత మాత్రాన మన సొమ్మేం పోయిందంటారు. కర్ర విరగకుండా పాము చావాలని వాళ్ళ తాపత్రయం. హైస్కూల్లో ఖరీదు ఎక్కువన్న మాట కూడా నిజమే. ఎన్‌బీఏలో టెక్నికల్‌కి ఒక్క ఫ్రీ త్రో, ఆట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా రూల్స్‌లోనూ ఇప్పుడు ఒకటే. జీతం తీసుకుని ఆడేవాళ్ళకి ఒకటి, జీతం లేని పిల్లలకి రెండూ ప్లస్ బంతి! అది మార్చాలంటే నేనూ చెయ్యెత్తుతాను.

కానీ "మన సొమ్మేం పోయింది" అన్నది మాత్రం ఒప్పుకోను. పోయేది మన సొమ్ము కాదు గనకే మనం అంత ఉదారంగా ఉంటున్నాం. పైగా ఓర్పు పేరుతో సాగదీసే రెఫరీ చివరికి టి ఇవ్వడా అంటే ఇస్తాడు, ఇంకా పెద్ద సందర్భంలో, ఇంకా పెద్ద కోపంతో, నాలుగో క్వార్టర్లో రెండు పాయింట్ల తేడా ఉన్నప్పుడు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే అదే. రెండో క్వార్టర్లో పుస్తకంలో రాయించిన ఒక వార్నింగ్‌కి పిల్లలు పెట్టే ఖర్చు సున్నా.

టి కావాలని తెచ్చుకునే కోచ్‌లూ ఉన్నారు, ఆ లెక్క వేరు. జట్టు నిద్రపోతోందనిపిస్తే కోచ్ ఒక టెక్నికల్ కొనుక్కుంటాడు. 2019 ఏప్రిల్‌లో డెన్వర్‌లో ఆట మొదలైన 63 సెకన్లకే శాన్ ఆంటోనియో కోచ్ గ్రెగ్ పొపోవిచ్ రెండు టెక్నికల్స్ తిని బయటికి పోయాడు. ఆ రోజు ఆయన మనసులో ఏముందో గానీ, శాన్ ఆంటోనియో చిత్తుగా ఓడిపోయింది. కొనుక్కునేవాడికి అమ్మడానికి రెఫరీకి అభ్యంతరం ఉండకూడదు. ఎన్‌బీఏలో ఒక్కోదానికి కనీసం 2,000 డాలర్లు, సీజన్లో 16వదానికి ఒక ఆట సస్పెన్షన్. ధర బోర్డు మీద రాసే ఉంది.

రెఫరీల వైపు తప్పుల గురించి కూడా చెప్పాలి. కోచ్‌ల గురించి ఇంత రాసి దాన్ని వదిలేస్తే ఏకపక్షం. జోయీ క్రాఫర్డ్ 1977 నుంచి ఎన్‌బీఏలో రెఫరీ, అందరూ గొప్పవాళ్ళలో లెక్కపెట్టే పేరు. 2007 ఏప్రిల్ 15న డాలస్‌లో ఆట జరుగుతుంటే, బెంచ్ మీద కూర్చుని నవ్వుతున్నాడని శాన్ ఆంటోనియో ఆటగాడు టిమ్ డంకన్‌కి టెక్నికల్స్ ఇచ్చి బయటికి పంపాడు. డంకన్! కోర్టు మీద పూజారిలా ఉండే మనిషి. తనని కొట్లాటకి పిలిచాడని డంకన్ తర్వాత ఆరోపించాడు. డంకన్‌కి 25,000 డాలర్ల ఫైన్ పడింది గానీ, కమిషనర్ డేవిడ్ స్టెర్న్ క్రాఫర్డ్‌ని ఆ సీజన్ మొత్తానికీ, ప్లేఆఫ్స్‌తో సహా, పక్కన పెట్టాడు. తర్వాతి సీజన్‌కి తిరిగొచ్చి 2016 దాకా పనిచేశాడు. ఆ ఉదంతం నా వాదనకి ఎదురు కాదు, అదే వాదనకి రెండో చివర. టి అన్నది రెండో జట్టు కోసం వాడాల్సిన పరికరం అనుకున్నవాడికి నవ్వు ఎందుకు అడ్డొస్తుంది? నవ్వితే ఎవరికీ నష్టం లేదు, రెఫరీ అహానికి తప్ప. నేను టి గురించి ఆలోచించినప్పుడల్లా వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇది ఇవ్వకపోతే అవతలి బెంచ్‌కి ఏమైనా పోతుందా? పోదంటే విజిల్ కింద పెట్టాలి.

ఆ కొలతతో చూస్తే నిశ్శబ్దంగా ఉండే కోచ్‌లందరూ సాధువులనీ కాదు. యూసీఎల్ఏ యూనివర్సిటీకి 12 ఏళ్ళలో 10 ఛాంపియన్‌షిప్‌లు తెచ్చిన కోచ్ జాన్ వుడెన్ చేతిలో ఎప్పుడూ చుట్టిన ప్రోగ్రామ్ కాగితం ఉండేది. దాన్ని గొట్టంలా నోటికి అడ్డం పెట్టుకుని రెఫరీలకి నాలుగు తగిలిస్తుండేవాడని చెప్తారు. టీవీలో చూసేవాళ్ళకి ఆయన మహా ప్రశాంతమూర్తి.

మన దగ్గర సంగతికొస్తే, ఇండియాలో ఆడేది ఫిబా రూల్స్. కాగితం మీద అవి నాకు ఇక్కడి రూల్స్ కంటే నచ్చుతాయి. ఫిబా ప్రకారం ఆట మధ్యలో రెఫరీతో మాట్లాడే అధికారం జట్టు కెప్టెన్‌ది, అదీ మర్యాదగా, బంతి డెడ్ అయి గడియారం ఆగినప్పుడు, విషయం తెలుసుకోవడానికి మాత్రమే. కోచ్ టేబుల్ వాళ్ళని స్కోరో ఫౌల్స్ లెక్కో అడగొచ్చు. ఎంత చక్కటి ఏర్పాటు! ఇరవై ఏళ్ళ కుర్రాడు రెఫరీ దగ్గరికి వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని ప్రశ్న అడగడం నేర్చుకుంటాడు.

నేను కాలేజీ రోజుల్లో విజయవాడ, హైదరాబాద్‌లలో ఆడిన టోర్నమెంట్లలో ఇది జరిగిందా అంటే, చెప్పాలా? కోచ్ గారు సగం కోర్టు లోపలే ఉండేవారు. రెఫరీ ఆయన కంటే పదిహేనేళ్ళు చిన్న, ఒక్కోసారి ఆయన దగ్గరే ఆట నేర్చుకున్నవాడు, వచ్చే నెల టోర్నమెంట్‌కి తనని పిలవాలా వద్దా అన్న మాట కూడా ఆయన గ్యాంగులోనే తేలుతుంది. "సర్, ప్లీజ్ సర్, కాస్త వెనక్కి సర్" అంటూ బతిమాలుకునేవాడు. టెక్నికల్ ఇచ్చే ప్రసక్తే లేదు. అవతలి జట్టుకి ఊళ్ళో పెద్ద సర్ ఎవరూ లేకపోతే ఆ రోజుకి అంతే సంగతులు. అక్కడ కోచ్ అరవాల్సిన అవసరం కూడా పెద్దగా ఉండదు, లేచి నిలబడితే చాలు. రూల్ ఎంత బాగున్నా, రెఫరీ రేపటి అన్నం కోచ్ చేతిలో ఉంటే ఆ రూల్‌కి పని లేదు.

ఎన్‌బీఏ వాళ్ళు ఈ చిక్కుకి వేసిన మందు కోచెస్ ఛాలెంజ్, 2019-20 నుంచి. టైమ్‌అవుట్ తీసుకుని వేలు గుండ్రంగా తిప్పితే ఒక కాల్‌ని రీప్లేలో చూస్తారు. గెలిస్తే టైమ్‌అవుట్ తిరిగొస్తుంది, ఓడితే పోతుంది. 2023-24 నుంచి మొదటిది గెలిస్తే రెండోది కూడా ఇస్తున్నారు. ఆ వీడియోలన్నీ చూసే రీప్లే సెంటర్ మా న్యూజెర్సీలోనే, సెకాకస్‌లో ఉంది. నాకు ఇందులో నచ్చింది టెక్నాలజీ కాదు. అరుపుకి ధర లేదు, ఛాలెంజ్‌కి ఉంది. అరిచే కోచ్‌కీ అరవని కోచ్‌కీ ఒకటే కోటా. రెఫరీ కూడా "అంత నమ్మకముంటే ఛాలెంజ్ చెయ్యి కోచ్" అని నవ్వుతూ అనొచ్చు. లోపమల్లా, ఇచ్చిన కాల్‌నే ఛాలెంజ్ చెయ్యగలరు, విజిల్ ఊదనిదాన్ని చెయ్యలేరు. కోచ్‌లు గొంతు చించుకునేది ఎక్కువగా ఊదనివాటి గురించే కదా. 2015 నుంచి హోరాహోరీ ఆటల చివరి రెండు నిమిషాల కాల్స్ మీద లీగ్ మర్నాడు రిపోర్టు పెడుతోంది, అందులో ఊదాల్సి ఉండి ఊదనివీ ఉంటాయి. కానీ మర్నాడు తెలిసి లాభమేముంది, స్కోరు మారదు.

స్కూలు జిమ్ముల్లో ఇవేవీ లేవు. ఉన్నదల్లా విజిలూ, ఇద్దరు మనుషులూ, మెట్ల మీద తల్లిదండ్రులూ. న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల ఆటల్లో ఆ తల్లిదండ్రుల్లో మనవాళ్ళు బాగానే ఉంటారు. ఓసారి వెనకనుంచి "వీడికి రూల్సే తెలీవురా బాబూ" అని స్పష్టమైన గుంటూరు యాసలో వినబడింది. టైమ్‌అవుట్‌లో అటు నడుస్తూ "తెలుసండీ" అన్నాను. ఆట అయ్యాక ఆయనే వచ్చి కాఫీకి పిలిచాడు.

నవ్వులాటలు సరే గానీ, విజిల్ వదిలేసి వెళ్ళిపోతున్నవాళ్ళ సంఖ్య చిన్నదేం కాదు. 2018-19 తర్వాత మూడేళ్ళలో దేశం మొత్తం మీద దాదాపు 50,000 మంది హైస్కూల్ రెఫరీలు మానేశారని ఇక్కడి స్కూళ్ళ క్రీడల జాతీయ సమాఖ్య ఎన్ఎఫ్‌హెచ్ఎస్ చెప్పింది. కోవిడ్ ఒక కారణం, తిట్లు ఇంకో కారణం. ఇంతకుముందు రెఫరీల మీద జరిగిన పెద్ద సర్వేలో ఎక్కువ తలనొప్పి ఎవరితో అని అడిగితే తల్లిదండ్రులు మొదట, కోచ్‌లు రెండో స్థానంలో వచ్చారు. నా అంచనా ఏమిటంటే, ఆ రెండూ వేరు వేరు కాదు. కోచ్ నిలబడి చేతులు చాపితే మెట్లన్నీ లేస్తాయి, ఆయన కూర్చుంటే సగం చల్లబడతాయి.

ఇక కుర్ర రెఫరీలు టి ఇవ్వడానికి ఎందుకు జంకుతారు? ధైర్యం లేక అంటారు చాలామంది. అసలు కారణం చాలా చోట్ల ఆట అయ్యాక కోచ్‌లే రెఫరీలకి మార్కులు వేస్తారు. ఆ మార్కులు బట్టే పెద్ద ఆటలు వస్తాయి, వర్సిటీ (స్కూలు మొదటి జట్ల) ఆటలు, టోర్నమెంట్ ఆటలు. విజయవాడలో మా కుర్ర రెఫరీ భయమూ ఇదీ ఒకటే, ఇక్కడ దానికో ఫారం ఉంది, అంతే తేడా. టి తిని ఓడిపోయిన రాత్రి ఒక మనిషి ఆ ఫారంలో ఏం రాస్తాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. వార్నింగ్‌లు, ఓర్పు, పక్కన నిలబడి మాట్లాడటం, ఇవన్నీ ట్రైనింగ్ క్యాంపుల్లో ఎంత నేర్పినా, ఆ ఫారం తలపై వేలాడుతున్నంత కాలం కుర్రాళ్ళు అరిచే బెంచ్ వైపే ఓ చెవి వేసి ఉంచుతారు.

కోచ్‌ల మార్కులు ఎత్తేయమని నేను అనను, రెఫరీల్లోనూ పనికిమాలినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. నేనడిగేది చిన్న మార్పు. ఒకే ఆటకి ఇద్దరు కోచ్‌లూ మార్కులు వేయడం తప్పనిసరి చెయ్యండి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. వార్నింగో టెక్నికలో పడిన ఆటల్లో ముందు అవతలి కోచ్ ఏం రాశాడో చదవండి. ఆయనో ఆవిడో కూడా రెఫరీ బాగాలేడంటే సరే, అప్పుడు మమ్మల్ని పిలిచి అడగండి. ఈ సీజన్ మొదట్లో మాకు ఆటలు కేటాయించే అసైనర్‌కి ఇదే చెప్పాను. ఆలోచన బాగుంది, కానీ సగం మంది కోచ్‌లు అసలు ఫారమే నింపరు, నింపేది కోపం వచ్చినవాళ్ళే అన్నాడు. అందుకేగా చెప్తున్నది అన్నాను. సీజన్ అయ్యాక మాట్లాడదాం అన్నాడు.